గాలిచుక్క మీది కొక్కెం

ఇందుమూలంగా సమస్త జనులకూ, ముఖ్యంగా మా వర్కుషాపు మేనేజరు గారికీ, స్టోరు గుమాస్తాకూ, గేటు దగ్గరి పెద్దాయనకూ తెలియజేయునది ఏమనగా: మేనేజరు గారి కుర్చీ కాళ్లను వారానికి రెండు మిల్లీమీటర్ల చొప్పున పదకొండు వారాలు ఆకురాయితో అరగదీసింది నేనే. బల్ల పెరుగుతోందనుకుని వడ్రంగిని పిలిపించి బల్ల కాళ్లు కోయించడం మాత్రం ఆయన సొంత తెలివి. స్టోరు గుమాస్తా గొడుగులో రివెట్ల చెత్త పోసి మడిచి పెట్టింది నేనే. వాన పడేదాకా ఎనిమిది రోజులు ఓపిక పట్టిందీ నేనే. గేటు పెద్దాయన ఎడమ చెప్పు క్రేను కొక్కేనికి వేలాడటంలో నా చెయ్యి ఉంది. కుడి చెప్పు సంగతి నాకు తెలియదు, అది ఆయనే పారేసుకున్నాడు. ఈ మూడు నేరాలూ ఒప్పుకుంటున్నాను, సాక్షులు అక్కర్లేదు. నాలుగోది నవ్వులాట కాదు. అది చెప్పడానికే వచ్చాను.

"ముందు పేరు, వయసు, చేసే పని చెప్పవయ్యా. దండోరా తర్వాత వేద్దువుగాని," అని ఈ స్టేషను అధికారి అమ్మగారు అన్నారు. చెబుతున్నాను.

నా పేరు ఫారం మీద రాసుకున్నారు. ఆ పేరుతో పిలిస్తే నేను పలకను, అలవాటు తప్పింది. షాపులో నన్ను దురదగొండి అంటారు. వయసు నలభై ఏడు. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను, కలిపితే పదహారు అవుతుంది కాబట్టి బాగా చదువుకున్నవాణ్ణే. చిన్న విమానాల రెక్కల్లో వేసే దూలాలను, అంటే బీములను పరీక్షించే షెడ్డులో ఫిట్టరుని. పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఇంతకుముందు నా మీద పోలీసు కేసు ఏదీ లేదు. ఆఫీసులో మెమోలు ఏడు ఉన్నాయి. ఏడూ దాచుకున్నాను.

గాయపడిన మనిషి నాకు ఏమవుతాడని అడిగారు. బావ అవుతాడు. మా అక్క మొగుడు. పరీక్షల షెడ్డుకు మేస్త్రి, అంటే ఇంట్లో పెద్ద, షాపులో కూడా పెద్దే. నాకు ఎటు తిరిగినా ఆయనే. నేను వాళ్ల మేడ మీది గదిలో ఉంటాను, వాళ్లింట్లోనే తింటాను. ఈ ఉద్యోగం ఆయన పెట్టించిందే. పెట్టించిన రోజు ఆయన అన్న మాట: "ఒరేయ్, నీ పూచీ నేను తీసుకున్నాను. నా పరువు తియ్యకు." ఆ పరువు సంగతే ఇప్పుడు మీ బల్ల మీద ఉంది.

ఆయన్ని షాపులో స్కేలు మేస్త్రి అంటారు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు వస్తువులుంటాయి. ఒకటి ఆరంగుళాల ఉక్కు స్కేలు. రెండోది ఇత్తడి ముద్ర. పరీక్ష అయ్యాక రిజిస్టరులో ఆయన ఆ ముద్ర వేస్తే ఆ బీము విమానంలోకి వెళుతుంది. వెయ్యకపోతే తుక్కులోకి వెళుతుంది. ముద్ర వేసేటప్పుడు ఊపిరి బిగబట్టి వేస్తాడు. చూడని దాన్ని చూశానని చెప్పని మనిషి. అక్క ఒకసారి కొత్త బట్టలు కట్టుకుని "ఎలా ఉన్నాను?" అంటే, "ఎడమ భుజం దగ్గర అర అంగుళం వదులు," అన్నాడు. అక్క రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఆయన వంట చేశాడు, క్షమించమని మాత్రం అడగలేదు. ఎందుకంటే నిజంగానే అర అంగుళం వదులు.

అమ్మగారూ, మీరు నాతో మొదటే చెప్పారు: "ఈ కేసులో నాకు తేలాల్సింది ఒకటే. మేస్త్రి కొక్కెం చూడకుండా చూశానని సంతకం పెట్టాడా, లేక ఆయన చూశాక ఎవరైనా జరిపారా?" మొదటిది అయితే కంపెనీ ఆయన ముద్ర తీసేసుకుంటుంది, ఇక ఆయన్ని ఆ షెడ్డు గడప తొక్కనివ్వరు. రెండోది అయితే జరిపినవాడి మీద కేసు. అర్థమైంది. జరిపింది నేనే. ఎలా జరిగిందో వరసగా చెబుతాను.

కొక్కెం అంటే ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే మీకు నేను చేసింది తెలియదు. మా బీము లోపల నిండుగా ఉండదు. రెండు మిల్లీమీటర్ల రేకును మూడు వైపులా మడిచి చేస్తాం. మూత లేని పొడుగాటి పెట్టెను పక్కకు తిప్పి నిలబెట్టినట్టుంటుంది. ఒకవైపు నోరు తెరుచుకుని, రెండోవైపు వీపు. పైన ఒక పెదవి, కింద ఒక పెదవి. పట్టుకుంటే తేలిక, ఒక చేత్తో ఎత్తొచ్చు. దాని ఒక కొసను దిమ్మెకు బిగించి రెండో కొసన బరువు వేలాడదీస్తే ఎంత వంగుతుందో చూడటం మా పని.

ఇప్పుడు తమాషా ఏమిటంటే, బరువును దాని ఒంటి కిందే వేలాడదీస్తే అది బుద్ధిగా కిందికి వంగదు. మెలి తిరుగుతుంది. అలిగిన పిల్ల మొహం తిప్పుకున్నట్టు పక్కకు తిరుగుతుంది. తిరగకుండా నిటారుగా వంగాలంటే బరువును దాని వీపు వెనక, ఒంటికి దూరంగా, రేకే లేని చోట వేలాడదీయాలి. గాలిలో. అక్కడ ఏమీ ఉండదు. కానీ బీము మోసేది అక్కడే. మా షెడ్డులో దాన్ని గాలిచుక్క అంటాం. ఇంజినీర్లు వేరే పేరేదో పెట్టుకున్నారు, అది వాళ్ల ఇష్టం. ఈ బీముకు గాలిచుక్క వీపు నుంచి ఇరవై రెండున్నర మిల్లీమీటర్లు. బీము కొసకు వెనకవైపు ఒక పట్టీ బిగిస్తాం. ఆ పట్టీలో పొడుగాటి గాడి, గాడిలో జరిగే కొక్కెం, కొక్కేనికి వేళ్లతో తిప్పే చెవుల నట్టు. ఇరవై రెండున్నర దగ్గరికి జరిపి నట్టు బిగించాలి. అంతే పని.

అమ్మగారికి అర్థం కాలేదని బల్ల మీది ఒక ఫైలు అట్టను మూడు మడతలు పెట్టి చూపించాను. ఆవిడ రెండుసార్లు తిప్పించి చూసి "అవునే!" అన్నారు. అది ఎవరి ఫైలో, ఇదంతా రాసుకుంటున్న రైటరు గారు తర్వాత చూసుకుని తల పట్టుకున్నారు. దానికి కూడా నేనే బాధ్యుణ్ణి. రాసుకోండి.

మొన్న మంగళవారం. మధ్యాహ్నం 12.40కి భోజనం గంట కొట్టారు. నేను తిని 1.05కి షెడ్డులోకి వచ్చాను. ఇంకెవరూ లేరు. అప్పుడు డ్రాయింగు గదిలో పనిచేసే ఇంజినీరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో కాగితాల కట్ట. నన్ను చూసి వెనక్కి అడుగు వేసింది. నా పేరు అక్కడిదాకా పాకింది మరి.

"భయపడకండమ్మా, మంగళవారం నేను కరవను," అన్నాను.

ఆవిడ నవ్వింది. "మేస్త్రి గారు లేరా?" అంది.

"రెండింటికి వస్తాడు. రెండు అంటే రెండే. మీ గడియారం తప్పయితే దిద్దుకోవచ్చు."

ఆవిడ బీము దగ్గరికి వెళ్లి నిలబడింది. చాలాసేపు నిలబడింది. తర్వాత అంది: "ఆరేళ్లుగా ఈ చుక్క ఎక్కడుందో లెక్క కడుతున్నానండీ. కాగితం మీద రోజూ కడతాను. ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు."

అయ్యో అనిపించింది. ఆరేళ్లు వంట పుస్తకం చదివి అన్నం తినని మనిషిలా ఉంది. "చూపిస్తాను రండి," అన్నాను.

పది కిలోల సీసపు గుళ్ల సంచి ఒకటి తెచ్చాను. కొక్కేన్ని సున్నా దగ్గరికి, అంటే బీము వీపుకు అంటుకునేలా జరిపి సంచి తగిలించాను. బీము మెల్లగా పక్కకు తిరిగింది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సంచి తీసి కొక్కేన్ని ఇరవై రెండున్నరకు జరిపి మళ్లీ తగిలించాను. నిటారుగా వంగింది. ఆవిడ "మళ్లీ," అంది. మళ్లీ చేశాను. ఇంకోసారి అంది. పసిపిల్లలకు కప్ప గంతు చూపించినట్టు ఆరుసార్లు చూపించాను. ఆరోసారి ఆవిడే తన చేత్తో సంచి తగిలించింది. ఒక్క సంచికి ఏమీ కాదు, అది ఆట. చివరికి ఆవిడ కాగితం మీద బీము బొమ్మ గీసి, వెనక చుక్క పెట్టి, కింద "కళ్లారా చూశాను" అని తేదీ వేసి, నా వైపు తిప్పింది. "చూపించినవారు అని ఇక్కడ సంతకం పెట్టండి," అంది.

ఇంతవరకు నా సంతకం అడిగింది మెమోల మీదే. చేతులకు జిడ్డు ఉంది. కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చి పెట్టాను. 1.35 అయింది. ఆవిడ ఇంకో కాగితం తెచ్చుకుంటానని వెళ్లింది. ఆ తర్వాత నేను కొక్కేన్ని ఇరవై రెండున్నర దగ్గర పెట్టి నట్టు బిగించాను.

రెండింటికి బావ వచ్చాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. "కొక్కెం పెట్టావురా?" అన్నాడు. పెట్టానన్నాను. బావ బీము వెనక్కి వెళ్లి, వంగి, జేబులోంచి స్కేలు తీసి పెట్టి చూశాడు. ఇరవై రెండున్నర. సరిగ్గా ఉంది. రిజిస్టరులో "కొక్కెం స్థానం స్వయంగా చూశాను" అనే గడిలో 2.05 అని వేసి సంతకం పెట్టాడు, ముద్ర వేశాడు. 2.08కి కళ్లజోడు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లాడు. అప్పుడు నేను వెనక్కి వెళ్లి నట్టు వదులు చేసి కొక్కేన్ని సున్నా దగ్గరికి జరిపాను. ఎందుకంటే, ఇంజినీరమ్మ మళ్లీ వస్తుంది కదా, పెద్ద బరువు మీద ఎలా తిరుగుతుందో చూపిద్దామని. ఎగతాళికి. ప్రమాదం సంగతి ఆలోచించలేదు.

ఏ చేత్తో వదులు చేశావని అమ్మగారు అడిగారు. కుడి అన్నాను. కొంతసేపయ్యాక మళ్లీ అడిగారు. ఎడమ అన్నాను. మూడోసారి అడిగితే రెండు చేతులతో అన్నాను. నేను రెండు చేతులా పనిచేసేవాణ్ణి.

2.10కి సంచులు మోసే ఇద్దరు వచ్చారు. మా పద్ధతి ఏమిటంటే, కొక్కేనికి గొలుసు, గొలుసుకు పళ్లెం, పళ్లెం కింద జాకీ. సంచులు పేర్చేటప్పుడు బరువంతా జాకీ మీదే ఉంటుంది, బీముకు తెలియదు. అన్నీ పేర్చాక జాకీ దించుతాం, అప్పుడు బీము మోస్తుంది. కొక్కెం ఎక్కడుందో ముందు నుంచి కనబడదు, గొలుసు అడ్డం. వెనక్కి వెళ్లి వంగి చూడాలి. పన్నెండు సంచులు పేర్చారు. ఇంజినీరమ్మ 2.20కి వచ్చి ఎంత వంగిందో చూపే డయళ్ల బోర్డు దగ్గర నిలబడింది. బావ స్టూలు మీద కూర్చున్నాడు. స్టూలు, బరువు దగ్గరికి రాకూడదని గీసిన పసుపు గీతకు బయటే ఉంది, జానెడు దూరంలో. గీత దాటి ఆయన ఏనాడూ కూర్చోలేదు. ఇది బాగా రాసుకోండి. గీత దాటలేదు.

2.25. బావ "దించు," అన్నాడు. జాకీ దించింది నేను.

బీము వంగాలి. వంగలేదు. నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిల్లినట్టు తిరిగింది. రేకు మీద ఏటవాలుగా ముడతలు లేచాయి. డబ్బా మూత ఊడినట్టు ఒక శబ్దం. పళ్లెం పక్కకు ఊగింది, గొలుసు కొక్కెంలోంచి జారింది, పళ్లెం వెళ్లి స్టూలు మీద పడింది. బావ కుడి తొడ మీద.

నేను సంచులు తీశాను. ఒక్కొక్కటి తీస్తూ లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టానో నాకు తెలియదు. పన్నెండు. అన్నీ తీశాక మళ్లీ నేల మీదివి లెక్కపెట్టాను. పన్నెండు. బావ అరవలేదు. పడుకునే "జాకీ వాల్వు కట్టెయ్యరా," అన్నాడు. కట్టేశాను. ఆయన ఎడమ చెయ్యి చొక్కా జేబు మీద ఉంది, ముద్ర పడిపోకుండా. కళ్లజోడు ఒక అద్దం పగిలింది. ఆ పగిలిన అద్దంలోంచే నన్ను చూశాడు. ఇంజినీరమ్మ తన కాగితాల కట్ట మడిచి ఆయన తల కింద పెట్టింది. 2.50కి అంబులెన్సు వచ్చింది.

ఆసుపత్రిలో అక్క నన్ను కొట్టలేదు. కొడుతుందని చెంప చూపించాను కూడా. నా చెయ్యి పట్టుకుని "ఒరేయ్ తమ్ముడూ, చేతులకు ఈ మసేమిటిరా, పోయి కడుక్కో" అంది. అంతే. సాయంత్రం నాలుగున్నరకు మేనేజరు గారు వచ్చి విచారణ తేలేదాకా ముద్ర ఇచ్చెయ్యమన్నారు. అక్క దాన్ని మందుల సంచిలో పెట్టుకుని, "ఆయన లేచి ఆయన చేత్తో ఇస్తే తీసుకోండి. నేను వెయ్యని ముద్ర నేను ఎలా ఇస్తాను?" అంది. మేనేజరు గారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు. మా అక్క అయిదో తరగతి. కానీ ఆ సమయంలో ఆమె ముందు ఎవరైనా పొట్టివాళ్లే, కుర్చీ అరగదీయక్కర్లేదు.

బుధవారం పొద్దున తొడ ఎముకలో కడ్డీ వేశారు. ఉక్కు కడ్డీ. పదిన్నర దాటాక బావ కళ్లు తెరిచాడు. మొదట "బీము పోయిందా?" అన్నాడు. పోయిందన్నాను. "ఇంజినీరమ్మకు ఏం తగల్లేదుగా?" అన్నాడు. లేదన్నాను. తర్వాత కొంచెంసేపు పైకప్పు చూశాడు. పలకకూ పలకకూ మధ్య సందు ఎంతుందో కొలుస్తున్నాడని నాకు తెలుసు. అప్పుడు తల నా వైపు తిప్పి, "తిన్నావురా?" అన్నాడు.

కొక్కెం మాట ఎత్తలేదు. నిన్నటి నుంచి ఇప్పటిదాకా ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. పంతొమ్మిదేళ్లు తిట్టాడు, ఒక్కదానికీ నేను బాధపడలేదు. ఆ "తిన్నావురా" మాత్రం మింగుడు పడలేదు. బయటికి వచ్చి వరండాలో గోడకు తల ఆనించుకుని నిలబడితే, ఊడ్చే ఆవిడ "జరగవయ్యా, తర్వాత ఏడుద్దువుగాని," అంది. జరిగాను.

ఈ రోజు గురువారం పొద్దున పదకొండు గంటలకు నా అంతట నేనే ఈ స్టేషనుకు వచ్చాను. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. టీ ఇచ్చారు, చక్కెర తక్కువైంది.

చెప్పిందంతా రైటరు గారు నాకు చదివి వినిపించారు. ఆయన గొంతు బాగుంది, తప్పులు లేకుండా చదివారు. చదివాక అమ్మగారు అన్నారు: "నాలుగు గంటలకు ఆసుపత్రికి వెళ్లి ఇది మీ బావకు కూడా చదివి వినిపిస్తాను. సరేనంటే ఆయన సంతకం తీసుకుంటాను. నువ్వు చెప్పిందంతా నిజమేనని ఇక్కడ సంతకం పెట్టు."

కలం తీసుకున్నాను. పెట్టలేకపోయాను.

అమ్మగారూ, నిజమే, అంతా నిజం. ఒక్క ముక్క తప్ప. ఆ ముక్క మొత్తం నా కల్పన. రైటరు గారిని కొట్టెయ్యమని అడిగితే, కొట్టివేతలు కుదరవు, కింద రాయిస్తే చాలన్నారు. కింద రాస్తున్నారు.

బావ కళ్లజోడు కడుక్కోవడానికి వెళ్లలేదు. నేను కొక్కేన్ని జరపలేదు. ఎవరూ జరపలేదు. అది 1.35 నుంచీ సున్నా దగ్గరే ఉంది. ఇంజినీరమ్మ ఆరోసారి సంచి తగిలించి చూసింది అక్కడే, నేను సంతకం కోసం చేతులు కడుక్కోవడానికి పోయాను, మురిసిపోతూ తిరిగి వచ్చాను, కొక్కెం మరిచిపోయాను. ఎగతాళి లేదు, ఏమీ లేదు. మరిచిపోయాను.

బావ స్కేలు పెట్టి చూడలేదు.

ఎందుకు చూడలేదో కూడా చెబుతాను, ఎవరికీ తెలియదు. మంగళవారం పొద్దున ఏడింటికి అక్క వంటింట్లో గోడకు నేను ఒక చెక్క అర బిగించాను. బిగించి దిగానో లేదో బావ వచ్చి దాని మీద స్కేలు పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. "గిన్నెలు పెట్టుకునే చెక్కకు కూడానా బావా? పంతొమ్మిదేళ్లుగా నేను నట్టు బిగిస్తే నువ్వు మళ్లీ చూస్తావు, నేను సున్నం కొడితే గీకి చూస్తావు. నేను పోతే పాడె మీద కూడా స్కేలు పెడతావా, సరిగ్గా పోయానో లేదో?" అన్నాను. అంత మాట ఎప్పుడూ అనలేదు. అక్క పొయ్యి దగ్గర నుంచి, "ఒక్కరోజు వాడి మాట మీద వాడిని వదిలేస్తే నీ కొంప మునుగుతుందా?" అంది. బావ పీట లాక్కున్నాడు. కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకున్నాడు. చాలాసేపు కట్టుకున్నాడు.

రెండింటికి షెడ్డులో "కొక్కెం పెట్టావురా?" అన్నాడు. "పెట్టాను బావా," అన్నాను. పెట్టాననే అనుకున్నాను. ఆయన అలవాటుగా వెనక్కి రెండు అడుగులు వేశాడు. జేబులోంచి స్కేలు సగం తీశాడు. ఆగాడు. నా మొహం చూశాడు. స్కేలు మళ్లీ లోపల పెట్టేసి "సరేరా," అని వచ్చి సంతకం పెట్టాడు. ఊపిరి బిగబట్టకుండా ముద్ర వేశాడు.

నేను చూశాను అమ్మగారూ. ఆ స్కేలు లోపలికి పోవడం చూశాను. నా జన్మలో నాకు అంత మర్యాద ఎప్పుడూ జరగలేదు. సంచులు మోసేవాళ్లను పిలవడానికి ఈల వేసుకుంటూ పోయాను. ఆ సంతోషంలో లేకపోతే ఒకసారి వెనక్కి వెళ్లి చూసేవాణ్ణేమో. తెలియదు.

స్కేలు పెట్టి చూశాడని రాయిస్తే ఆయన ముద్ర నిలుస్తుందనుకున్నాను. కానీ నాలుగు గంటలకు మీరు ఆ మాట ఆయనకు చదివి వినిపిస్తారు. ఆయన కాదంటే నా అబద్ధం బయటపడుతుంది, అది పరవాలేదు. నన్ను కాపాడాలని అవునంటాడేమో, అది నేను తట్టుకోలేను. చూడని దాన్ని చూశానని ఆయన చేత రెండోసారి నేను అనిపించలేను. అన్నిటికన్నా, ఆయన నన్ను నమ్మిన రోజు ఒకటే ఉంది. ఆ రోజు కూడా నమ్మలేదని నేనే రాయిస్తే ఇక ఆయనకు ఏం మిగిలింది, నాకేం మిగిలింది?

పెట్టానన్నది నేను. పెట్టనిది నేను. తప్పు నమ్మినవాడిదా, నమ్మించినవాడిదా అన్నది చదువుకున్నవాళ్లు మీరు తేల్చండి. ముద్ర తీసుకునేటట్టయితే ఆయన లేచి కూర్చున్నాక తీసుకోండి, పడుకుని ఉండగా వద్దు. ఆసుపత్రిలో పైన రాసిందంతా చదవక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం చదవండి, చాలు: మేస్త్రి చూడలేదు, బావమరిది మాట నమ్మాడు.

ఇది నేను తెలివిలో ఉండి, వెక్కిళ్లు తగ్గాక, నా నోటితో చెప్పి, విని, ఒప్పుకున్నది.

(సంతకం)
దురదగొండి, ఫిట్టరు
గురువారం, మధ్యాహ్నం 1.20